అప్‌డేట్: ఎరువు వేశాక నిమ్మాకులు మాడిన సంగతి తేలింది

యూరియా, పొటాష్ వేసిన కొద్దిరోజులకే పొదలకూరు దగ్గర మా నిమ్మచెట్ల ఆకులు కొసల నుంచి మాడుతున్నాయని అడిగింది నేనే. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. "ముందు బోరు నీళ్లు టెస్ట్ చేయించు" అని ఒకన్న చెప్పిన మాటే నిజమైంది.

ఉద్యాన అధికారి తోటకొచ్చి చూశారు. ముదురాకులకే కొసా అంచులూ ఇటుకరంగుకి మాడాయి, లేతాకు బాగానే ఉంది. ఆకు రాలినా కాడ కొమ్మకే నిలబడి ఉంది. ఇది ఉప్పు దెబ్బ అన్నారు. ఎండాకాలం మా బోరు నీళ్లే ఉప్పన, దానిపైన మేం వేసిన పొటాష్ ఏమో మ్యూరేట్ ఆఫ్ పొటాష్. అందులో దాదాపు సగం బరువు క్లోరైడే (మామూలు ఉప్పులోనూ ఉండేదే), నిమ్మజాతికి అది పడదు.

గజ్జి తెగులు కాదు. గజ్జికైతే గరుకు బొడిపెలు, చుట్టూ పసుపు వలయం ఉంటాయి. కాబట్టి దీనికి రాగి మందు కొట్టినా దండగే. జింకు లోపమూ కాదు.

పక్క చేనువాళ్ల మంచినీళ్ల బోరు అడిగి, ఉప్పు కిందికి దిగేలా పాదుల నిండా తడులిచ్చాం. ఎరువులు ఆపేశాం. ఇప్పుడు కొత్త చిగురు శుభ్రంగా వస్తోంది. మాడిన ఆకు మళ్లీ పచ్చబడదు, దానికోసం చూడొద్దు. ఇకమీద క్లోరైడ్ లేని సల్ఫేట్ ఆఫ్ పొటాషే, అదీ కొంచెం కొంచెంగా, మొదలుకి దూరంగా, తడి నేలలో. రేటెక్కువే మరి.