చెరువుల దగ్గర పిట్టల వలలు: మీ ఊళ్లో ఎలా ఆపారు?

టెక్కలి_తమ్ముడు:

అందరికీ నమస్కారం. మాది టెక్కలి దగ్గర చిన్న ఊరు, ఏటా పిట్టలు వచ్చి గూళ్లు కట్టే తేలినీలాపురానికి బండి మీద ఇరవై నిమిషాలు. మొన్న ఆదివారం తెల్లారగట్ల మడికి నీరు కట్టడానికి వెళ్తే చెరువులో తుంగ పక్కన రెండు వెదురు గెడల మధ్య సన్న నైలాన్ వల కట్టి ఉంది. ఎదురుగా వెళ్లి నిలబడేదాకా కంటికి కనిపించదు అది. నాలుగు గువ్వలు, ఒక ఉల్లంకి పిట్ట అప్పటికే చచ్చిపోయి వేలాడుతున్నాయి. ఒక తెల్లకొంగ మాత్రం బతికే ఉంది, రెక్క మెలితిరిగి, దారం మెడ కింద ఈకల్లోకి దిగిపోయి. నా చేతిలో కొడవలి తప్ప ఏమీ లేదు. ఆ మొనతో వల కన్ను ఒక్కొక్కటీ తెంపుతుంటే మొదట్లో నా వేళ్లని పొడిచింది, తర్వాత పొడవడం మానేసి నా వైపే చూస్తూ ఉండిపోయింది. విడిపించి గట్టు మీద పెడితే పావుగంట కదల్లేదు. చచ్చిపోతుందనుకున్నాను. చివరికి లేచి పక్క మడిలో దిగింది.

ఫొటోలు ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. అందరూ అయ్యో పాపం అన్నారు, దండాలు పెట్టారు, ఇలాంటివాళ్లని వదలకూడదన్నారు. సాయంత్రం అటవీ శాఖ నుంచి ఒకాయన వచ్చి పంచనామాకి ఇద్దరు సంతకం పెట్టండి అనేసరికి ఒక్కడు లేడు. ఆ వల ఎవరిదో ఊరంతటికీ తెలుసు. గూడబాతులు (పెలికాన్లు) దిగే రోజులు దగ్గరపడుతున్నాయి, నాకు టెన్షన్‌గా ఉంది. మీ ఊళ్లలో ఇలాంటిది ఆపినవాళ్లు ఉంటే ఎలా ఆపారో చెప్పండి.

ఇచ్ఛాపురం_మనవరాలు:

అన్నయ్యా, మా అమ్మమ్మగారిది తేలుకుంచి. జూన్‌లో వాన మొదలయ్యే వేళకి నత్తలు తినే కొంగలు (ముక్కు మధ్యలో సందు ఉంటుంది చూడండి, అవి) వచ్చి చింతచెట్ల మీద, వెదురు పొదల మీద గూళ్లు కట్టి, పిల్లలు ఎగిరేదాకా ఉండి చలికాలంలో వెళ్లిపోతాయి. అవి రాకపోతే వాన రాదని మా అమ్మమ్మ నమ్మకం. చిన్నప్పుడు నేను రాయి తీసుకుంటే చెయ్యి పట్టుకుని ఒకటే మాట అంది, "పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్ల మీద రాయేస్తావేటే?" అని. ఆ తర్వాత నేను మళ్లీ రాయి తీయలేదు.

అక్కడ కాపలా అని ప్రత్యేకంగా ఎవరో తిరుగుతున్నట్టు నాకు ఎప్పుడూ కనిపించలేదు. గూడు కింద పిల్ల పడితే ఎవరింటి ముందు పడిందో వాళ్లే తీసి నీడన పెడతారు. కొత్త మనిషి సంచీతో చెట్ల కింద నిలబడితే అరుగు మీద ముసలమ్మలే "ఎవరు బాబూ, ఎవరింటికి?" అని అడుగుతారు. దానికి జవాబు చెప్పుకోలేక వెళ్లిపోయినవాళ్లని నేనే చూశాను. మీ ఊళ్లో అందరికీ తెలుసు అంటున్నారు, మరి అతన్ని మొహం మీద ఎవరైనా అడిగారా?

చంపావతి_గట్టు:

తమ్ముడూ, నేను విజయనగరం కోర్టులో గుమాస్తాగా చాలా ఏళ్లు చేశాను. కేసు సంగతి చెప్తాను, మిగతాది ఊరివాళ్లు చెప్తారు.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అంటే తుపాకీతో కాల్చడం ఒక్కటే కాదు. వల వేయడం, ఉచ్చు పెట్టడం, ఎర వేయడం, విషం పెట్టడం, గుడ్లు తీయడం, గూడు పాడుచేయడం అన్నీ వేట కిందికే వస్తాయి, వేటకి ప్రయత్నించినా వేటే. 2022లో చట్టాన్ని సవరించి జరిమానాలు పెంచారు, అది 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. మామూలు నేరానికే మూడేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా. మొదటి షెడ్యూల్లో, అంటే ఎక్కువ రక్షణ ఇచ్చిన జాబితాలో, ఉన్న జీవి అయితే మూడేళ్లకి తక్కువ కాకుండా ఏడేళ్ల వరకు. కొన్నవాడు కూడా తప్పించుకోలేడు. ఈ మాట ఊళ్లో గట్టిగా చెప్పండి, ఎందుకంటే కొనేవాడు భయపడితే వల కట్టేవాడికి పని ఉండదు.

మీరు చేసిన పొరపాటు ఒకటి ఉంది, కోప్పడకండి. వల కోసి పక్కన పడేశారు. బతికున్న పిట్టని విడిపించడం సరైనదే, ఎవరైనా అదే చేస్తారు. కానీ ముందు దూరం నుంచి ఒక ఫొటో, వల గెడలతో సహా ఒకటి, చెరువు గుర్తుపట్టేలా వెనక గుడో చెట్టో కనిపించేలా ఒకటి, టైము పడేలా తీయాలి. చచ్చినవాటిని కదపకూడదు. అర్ధరాత్రి ఎవరైనా కనిపిస్తే మీరు ఒక్కరే మీద పడొద్దు, 112కి ఫోన్ చేసి దూరంగా ఉండండి. సాక్షుల విషయంలో ఇంకో దారి ఉంది. ఊరివాళ్లకి మొహమాటం ఉంటుంది కాబట్టి పక్క ఊరి వాళ్లని, అక్కడ పనిచేసే టీచర్లని అడగండి.

గెడ్డవతల:

మాస్టారు చెప్పింది కాగితం మీద బాగుంటుంది. మా దగ్గర ఒక స్టేషన్‌కి వెళ్లి చెప్తే "మనుషుల కేసులకే టైము లేదు, పిట్టలకి కేసేటి?" అని పంపేశారు. అటవీ వాళ్లకి ఫోన్ చేస్తే బండి లేదన్నారు. మూడోసారి నేనే మానేశాను. అంత విసుగొచ్చింది.

చంపావతి_గట్టు:

మానేయకండి బాబూ. నోటి మాట వద్దు, రాసివ్వండి, రెండో కాపీ మీద అందినట్టు సంతకం, ముద్ర వేయించుకోండి. అదే కాగితం డివిజనల్ అటవీ అధికారికి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. అప్పటికీ కదలకపోతే, అరవై రోజుల ముందు నోటీసు ఇచ్చి మామూలు మనిషే నేరుగా కోర్టులో ఫిర్యాదు వేసే వీలు ఈ చట్టంలో ఉంది. అక్కడిదాకా వెళ్లాల్సిన అవసరం చాలాసార్లు రాదు, కాగితం చేతిలో ఉంటే మాట మారుతుంది.

కవిటి_కొబ్బరితోట:

నా సంగతి చెప్తాను, ఇన్నాళ్లూ ఎక్కడా చెప్పలేదు. పద్దెనిమిదేళ్లప్పుడు నేను కూడా పట్టేవాణ్ని. పూరేడు పిట్టలు, గువ్వలు, చలికాలంలో బాతులు. సెల్‌ఫోన్‌లో పూరేడు కూత పెట్టి చిన్న స్పీకరు పొదలో దాచేవాళ్లం, దాని జోడీ పిలిచిందనుకుని పరిగెత్తుకొచ్చేవి. తలకి లైటు కట్టుకుని వెళ్తే వెలుగు పడిన చోటే బొమ్మలా నిలబడిపోతాయి, చేత్తో పట్టుకోవడమే. హైవే మీద హోటల్ కోసం ఒకాయన బండి మీద వచ్చి కట్టలు కట్టి తీసుకుపోయేవాడు. ఫారం కౌజు పిట్టలని చెప్పి అమ్మేవాడు. ఫారంలో పెంచే జపాన్ పూరేళ్లు కొనడం తప్పు కాదు కదా, ఆ ముసుగులో ఇవి వెళ్లిపోయేవి.

నేను మానడానికి కారణం కేసు కాదు, గుళికలు. ఒక ఏడాది మాతో తిరిగే ఒకడు ధాన్యానికి పురుగుమందు గుళికలు పట్టించి మడి గట్ల మీద చల్లాడు. తెల్లారేసరికి గువ్వలు, గోరింకలు, కాకులు, ఎవరిదో నాటుకోడి, అన్నీ ఒకే గట్టు మీద కాళ్లు పైకి పెట్టి పడున్నాయి. వాడు గువ్వల్ని ఏరి సంచీలో వేసుకుంటున్నాడు, అమ్మడానికి. తిన్న మనుషుల సంగతేంటిరా అని అడిగితే పొట్ట తీసేస్తే ఏమీ కాదన్నాడు. ఆ మందు మనిషికి కూడా ప్రాణాంతకమే. ఆ రోజు నేను వల తీసి పొయ్యిలో పెట్టాను.

తమ్ముడూ, ఆ వల కట్టినవాడు వారానికి రెండు మూడు వందల కోసం చేస్తుంటాడు, వాణ్ని చూస్తే నా పాత మొహమే కనిపిస్తుంది. వాడి కులం పేరు ఎత్తి ఎవరైనా మాట్లాడితే ముందు మీరే ఆపండి. బండి మీద వచ్చి కొనేవాణ్ని పట్టుకోండి. ఆ బండి నంబరు రాసి పెట్టుకోండి.

భావనపాడు_చెరువులు:

మా వైపు నుంచి కూడా ఒక మాట వినండి. నాది రొయ్యల చెరువు. నీరుకాకులు గుంపుగా దిగితే ఒక పూటలో ఎంత నష్టమో చేసినవాడికే తెలుసు, అప్పు తెచ్చి వేసిన పిల్ల అది. ఒకప్పుడు నేను కూడా చెరువు మీద సన్న వల పరిచాను. రోజూ రెండు మూడు చిక్కుకుని చచ్చేవి, వాటిని తీయడం ఒక పని, ఆ కంపు ఒకటి. ఇప్పుడు వల తీసేసి, చెరువుకి అడ్డంగా తాళ్లు దగ్గర దగ్గరగా లాగి వాటికి మెరిసే రిబ్బన్లు కట్టాను. గాలికి కొట్టుకుని చప్పుడు చేస్తాయి, పిట్ట దిగదు, చావదు. నూటికి నూరు ఆగుతాయని చెప్పను, నష్టం మాత్రం బాగా తగ్గింది. రైతుని నేరస్తుడిలా చూడకుండా ఈ తాడూ రిబ్బనూ చూపించండి, సగం మంది మారతారు.

తేలినీలాపురం_కోడలు:

మా ఇంటి పెరట్లో చింతచెట్టు మీద ఏటా గూడబాతులు కడతాయి, రంగు కొంగలు కూడా. సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చి వేసవి మొదలయ్యేదాకా ఉంటాయి. చూడ్డానికొచ్చినవాళ్లు ఎంత బాగున్నాయో అని ఫొటోలు తీసుకుని వెళ్లిపోతారు, మంచిదే. కానీ ఆ చెట్టు చింతపండు మాకు రాదు. రెట్టలకి ఆకు మాడిపోతుంది, పిల్లలు కక్కిన చేపలు పెరట్లో పడితే ఆ వాసనకి అన్నం తినలేం. బట్టలు ఆరేయలేం. ఇన్నీ భరిస్తూ మా మామగారు చెట్టు కొట్టనివ్వలేదు. 2018లో తిత్లీ తుపానుకి కొమ్మలు విరిగిపోతే ఆయన ఇంటి పైకప్పు కంటే ముందు చెట్టు కిందికే వెళ్లారు. 2022 మొదట్లో పురుగుల జబ్బు చేసి గూడబాతులు రోజూ చచ్చి పడుతుంటే రెండు పూటలు అన్నం మానేశారు.

కర్ణాటకలో కొక్కరెబెళ్లూరు అని ఒక ఊరుంది, అక్కడ కూడా ఇళ్ల మధ్య చెట్ల మీదే ఈ గూడబాతులు ఉంటాయి. గూళ్లున్న చింతచెట్ల యజమానులకి అక్కడి ప్రభుత్వం పరిహారం ఇస్తుంది. మద్దతు కావాలంటే ఈ మోసేవాళ్ల గురించి కూడా అడగండి.

ఇంకోటి, వీటిని అందరూ సైబీరియా పక్షులు అంటారు. కాదండీ. ఈ గూడబాతులు, తేలుకుంచి కొంగలు మన దేశం చుట్టుపక్కలవే, ఇక్కడే గుడ్లు పెట్టి పిల్లల్ని చేసేవి. ఎక్కడినుంచో వచ్చిన చుట్టాలు కావు, మన ఊళ్లోనే పుట్టిన పిల్లలు.

మాజీ_జవాను_సోంపేట:

నేను ఫౌజులో ఉండగా కొన్నాళ్లు నాగాలాండ్‌లో పనిచేశాను. అక్కడ దోయాంగ్ రిజర్వాయరు దగ్గరికి అక్టోబరు, నవంబరుల్లో ఆముర్ డేగలు వస్తాయి. ఇవి నిజంగానే సైబీరియా, చైనా వైపు నుంచి వచ్చి ఆఫ్రికా దక్షిణం దాకా వెళ్లేవి. 2012లో అక్కడ వలలతో వాటిని లక్షకి పైగా చంపారని లెక్క వేశారు. వీడియోలు బయటికొచ్చి దేశమంతా గగ్గోలైంది. ఆ మరుసటి ఏడాది, 2013లో, వల ఒక్కటీ లేదు. పోలీసుల్ని దింపి చేసింది కాదు, పాంగ్తీ లాంటి ఊళ్ల పెద్దలు, చర్చి పెద్దలు కూర్చుని కట్టుబాటు చేశారు, పట్టేవాళ్లనే కాపలా పెట్టారు. ఆ ఏడాది మూడు డేగలకి సిగ్నల్ పరికరాలు కట్టి ఒకదానికి పాంగ్తీ అని ఆ ఊరి పేరే పెట్టారు. ఊరి పేరుతో ఒక పిట్ట సముద్రం దాటిందంటే ఇంక దాన్ని ఎవడు చంపుతాడు?

మన సోంపేట బీల (చిత్తడి నేల) ఉదాహరణ ఇంట్లోనే ఉంది. థర్మల్ ప్లాంటు వస్తుందంటే రైతులు, జాలర్లు కలిసి నిలబడ్డారు, 2010 జూలై 14న కాల్పుల్లో ప్రాణాలు పోయాయి, అనుమతి రద్దయింది. ఈ రోజు బీలలో నీరుంది, చేపలున్నాయి, చలికాలంలో బాతులున్నాయి. అప్పుడు సంతకాలు పెట్టడానికి భయపడని జిల్లా ఇది.

టెక్కలి_తమ్ముడు:

అందరి మాటా రెండుసార్లు చదివాను. ఇచ్ఛాపురం చెల్లెమ్మా, మీరు అడిగారు కదా మొహం మీద అడిగారా అని, అది బాగా తగిలింది. నిన్న సాయంత్రం నేను, మా చిన్నాన్న కలిసి అతనింటికి వెళ్లాం. తిట్టడానికి కాదని ముందే చెప్పాం. అతని భార్య టీ ఇచ్చింది. చాలాసేపు నేల చూస్తూ కూర్చున్నాడు, తర్వాత లోపలికెళ్లి ఇంకో రెండు వలలు తెచ్చి మా ముందు పెట్టాడు. బండి మీద వచ్చేవాడు టెక్కలివాడు కాదు, బయటి ఊరి నుంచి వస్తాడని చెప్పాడు. నంబరు చెప్పలేదు, భయపడుతున్నాడు. చెరువు చేపల వేలం పాటలో ఈసారి కాపలా పని అతనికి ఇప్పిస్తామని చిన్నాన్న అన్నాడు. నిలబెట్టుకోవాలి.

చనిపోయిన గువ్వల ఫొటో మాత్రం ఫోన్‌లోంచి తీయలేకపోతున్నాను. మొన్న కనుమకి మా గుమ్మానికి పిచ్చుకల కోసం వరికంకుల కుచ్చు కట్టింది, ఏడాదంతా చెరువులో వలలు చూసీ చూడనట్టు ఊరుకుంది, రెండూ మేమే.

అక్టోబరు 2న మా గ్రామసభ ఉంది. చెరువులో వల, విషం, నాటు తుపాకీ నిషేధమని, కొనడానికొచ్చిన బండిని ఊళ్లోకి రానివ్వకూడదని తీర్మానం పెట్టిద్దామని సర్పంచ్ గారు ఒప్పుకున్నారు. రాసిన నమూనా ఎవరి దగ్గరైనా ఉందా?

చంపావతి_గట్టు:

ఉంది, మెసేజ్‌లో పంపాను. చెరువు సర్వే నంబరు తప్పకుండా వేయించండి, లేకపోతే ఏ చెరువు అని తర్వాత పేచీ వస్తుంది. పరిహారం కోరుతూ తేలినీలాపురం చెల్లెమ్మ చెప్పింది కూడా ఒక వాక్యం చేర్చాను. సంతకాల కింద వేలిముద్రలకి కూడా చోటు వదలండి, మీ ఊరి ముసలమ్మలే ముందు వేస్తారు చూడండి.

తేలినీలాపురం_కోడలు:

మాస్టారూ, ఆ నమూనా మాకూ ఒకటి పంపండి. మా మామగారికి చదివి వినిపిస్తాను. పొద్దున్న మూడు గూడబాతులు చెరువు మీద ఒక చుట్టు తిరిగి వెళ్లాయి, దిగలేదు ఇంకా.