‘నీ ఇష్టం నాన్నా’ అంటే ఒప్పుకున్నట్టేనా? అమెరికా వచ్చే అమ్మానాన్నలతో 1,900 మైళ్ల కారు ప్రయాణం

సాన్ హోసే నుంచి (ఊరు గుంటూరు)

అమ్మానాన్నలు ఆగస్టులో మొదటిసారి మా దగ్గరకు వస్తున్నారు. నాన్నకు 71, అమ్మకు 66. ప్రత్తిపాడు దగ్గర నాన్న నలభై ఏళ్లు మిర్చి, పత్తి పండించారు. ఇప్పుడు పొలం కౌలుకిచ్చి బ్రాడీపేటలో ఉంటున్నారు. నాన్నకు షుగరు, ఇన్సులిన్ తీసుకుంటారు. అమ్మకు మోకాళ్ల నొప్పులు.

సెప్టెంబరులో 12 రోజులు సెలవు పెట్టాను. యోసెమిటీ, లాస్ వేగాస్, జియాన్, బ్రైస్ కాన్యన్, పేజ్ అనే ఊరు, గ్రాండ్ కాన్యన్, అక్కడి నుంచి లాస్ ఏంజెలెస్, సముద్రతీరం వెంట ఇంటికి. మొత్తం దాదాపు 1,900 మైళ్లు. గుంటూరులో ఉన్న అక్క “పెద్దవాళ్లను కార్లో కూర్చోబెట్టి తిప్పుతావా?” అని కోప్పడింది. అమ్మానాన్నలను అడిగితే “నీ ఇష్టం నాన్నా, నువ్వు ఎక్కడికి తీసుకెళ్తే అక్కడికి” అన్నారు. నా చదువు కోసం ఎకరంన్నర అమ్మిన మనుషులు వాళ్లు. ఆ డబ్బుతో నేను చూసిన లోకాన్ని వాళ్లకు చూపించకపోతే ఎలా? పెద్దలు, అనుభవం ఉన్నవారు చెప్పండి.

విజయవాడ, సత్యనారాయణపురం

తీసుకెళ్లు బాబూ, వెనకాడకు. మా అమ్మాయి పురిటికి న్యూజెర్సీ వెళ్లి ఆరు నెలలు ఉన్నాను. పసిబిడ్డకు స్నానాలు, వంట, అంట్లు. అమ్మాయి, అల్లుడు ఆఫీసుకు వెళ్తే నేనూ మావారూ కిటికీ దగ్గర కూర్చుని, ఎదురింటి వాళ్లు కుక్కను తిప్పుకుని రావడం చూసేవాళ్లం. అక్కడ కారు లేకపోతే కాలు కదలదు. కూరగాయలకైనా ఒకరు తీసుకెళ్లాలి.

వీసా గడువు ఇంకో పది రోజులు ఉందనగా నయాగరాకు తీసుకెళ్లారు. ఏడెనిమిది గంటల ప్రయాణం. నీలం రంగు ప్లాస్టిక్ కోటు తొడిగి పడవ ఎక్కించారు. జలపాతం దగ్గరకు పోయేసరికి మావారు నా చెయ్యి పట్టుకున్నారు. పెళ్లయిన 41 ఏళ్లలో నలుగురి ముందు ఆయన నా చెయ్యి పట్టుకోవడం అదే మొదలు. ఆయన పోయి రెండేళ్లయింది. ఆ ఒక్క రోజూ లేకపోతే అమెరికా అంటే నాకు వంటగదే గుర్తుండేది. మోకాళ్లు నొప్పి పెడితే పెట్టనివ్వు, ఇంట్లో కూర్చున్నా పెడతాయి.

విజయవాడ, మొగల్రాజపురం

అమ్మగారి మాటను కాదనడం కష్టం. అయినా కాదంటున్నాను.

నేను కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ని. మా అబ్బాయి కూడా ఇలాంటి పట్టికే వేశాడు. తొమ్మిది రోజులు, రోజూ కొత్త హోటలు. పొద్దున్నే ఆరింటికి పెట్టెలు సర్దడం, రాత్రి తొమ్మిదింటికి మళ్లీ విప్పడం. వాడు ఒక్కడే రోజుకు ఎనిమిది గంటలు బండి నడిపాడు. వాడి కళ్లు ఎర్రబడటం చూస్తూ వెనక కూర్చుంటే బయట ఏ కొండ ఉందో నాకు పట్టలేదు.

ఇంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. మూడో రోజు గమనించాను, మా ఆవిడ తలుపు పక్కన పెట్టుకున్న నీళ్ల సీసా పొద్దున ఎలా ఉందో సాయంత్రం అలాగే ఉంది, మూత కూడా తీయలేదు. అడిగితే “దాహం లేదండీ” అంది. నాలుగో రోజు జ్వరం వచ్చింది, మూత్రంలో ఇన్‌ఫెక్షన్. అప్పుడు చెప్పింది. బాత్రూముకు మాటిమాటికీ బండి ఆపమని కొడుకును, కోడలు వింటుండగా, అడగడానికి మొహమాటపడి నీళ్లు మానేసిందట. డెబ్భైకి దగ్గరపడిన మనిషి ఎడారి ఎండలో దాహంతో కూర్చుంది, కొడుకు లెక్క తప్పకూడదని. వాడు అడగలేదా అంటే, అడిగాడు. ప్రతి గంటకూ “అమ్మా, ఆపనా?” అన్నాడు. ఆమె ప్రతిసారీ “వద్దులే నాన్నా, పద” అంది.

‘నీ ఇష్టం’ అనే మాట కూడా ఆ ‘వద్దులే నాన్నా’ లాంటిదే. మన తరం వాళ్లు పిల్లల దగ్గర ‘వద్దు’ అనలేరు. వాళ్ల సొమ్ము ఖర్చవుతోందని, సెలవు పెట్టారని మనసులో ఒకటే బరువు. మీ నాన్నగారు ఒప్పుకోలేదు, మీకు అడ్డు చెప్పలేదు, అంతే.

డాలస్ నుంచి (ఊరు మంగళగిరి)

మాస్టారి మీద గౌరవంతోనే అంటున్నాను, పెద్దవాళ్లను మరీ గాజుబొమ్మల్లా చూస్తున్నాం. మా అమ్మానాన్నలు గుంటూరులో టూరు బస్సెక్కి కాశీ, గయ, ప్రయాగ పదిహేను రోజులు తిరిగి వచ్చారు. బస్సు వెంటే వంటవాళ్లు, దారిలో చెట్టు కింద గాడిపొయ్యి, సత్రంలో నేల మీద పడక. అమ్మ ఇప్పటికీ ఆ ప్రయాణం గురించే చెబుతుంది. అది చేయగలిగినవాళ్లు మెత్తటి సీట్లలో ఏసీ కారులో కూర్చోలేరా?

విజయవాడ, మొగల్రాజపురం

బాబూ, ఆ బస్సులో నలభై మంది వాళ్ల ఈడువాళ్లే. ఆపమని ఎవరో ఒకరు కేకవేస్తారు, అందరూ దిగుతారు. మీ కారులో అడగాల్సింది అమ్మ ఒక్కతే, అడగాల్సింది కన్నకొడుకునే. తేడా సీటు మెత్తదనంలో లేదు.

గుంటూరు, కొత్తపేట

నేను డాక్టరును, మా దగ్గరకు వచ్చే పెద్దల్లో సగం మంది పిల్లల దగ్గరకు వెళ్లివచ్చేవాళ్లే. వెళ్లాలా వద్దా అన్నది మీ ఇంటి విషయం. వెళ్తే మాత్రం ఇవి గుర్తుంచుకోండి.

నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది. నీళ్లు తాగకపోతే మరింత. కాబట్టి గంటన్నరకో రెండు గంటలకో బండి ఆగాల్సిందే. “ఆపనా?” అని అడగవద్దు. మీకే కాఫీ కావాలని ఆపండి, మీరే ముందు దిగండి, వాళ్లు వెనక వస్తారు. ఇన్సులిన్ ఎండలో నిలిపిన కారులో వదిలితే పనికిరాకుండా పోతుంది, చల్లటి సంచిలో పెట్టుకుని వెంట తిప్పాలి. అలాగని మంచుగడ్డకు నేరుగా తగలనివ్వకూడదు. భోజనం వేళ దాటితే షుగరు పడిపోతుంది, చక్కెర ఉన్న బిళ్లలు నాన్నగారి జేబులోనే ఉండాలి, వెనక డిక్కీలో కాదు.

ఎత్తు సంగతి ఎవరూ ఆలోచించరు. గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచు దాదాపు 7,000 అడుగులు, బ్రైస్ 8,000 పైనే. యోసెమిటీ నుంచి తూర్పుకు దిగే టియోగా కనుమ 9,943 అడుగులు. గుంటూరు సముద్రమట్టానికి వంద అడుగుల ఎత్తున ఉన్న ఊరు. మొదటి రోజు ఆయాసం, తలనొప్పి రావచ్చు, ఆ రోజు నడిపించకండి. బీమా కాగితం చదవండి. ముందే ఉన్న జబ్బులకు చాలా పాలసీలు అరకొరగానే ఇస్తాయి.

విజయవాడ, సత్యనారాయణపురం

మాస్టారూ, మీ ఇంటావిడ గారి మాట చదివి కళ్లలో నీళ్లు తిరిగాయి. నేనూ నయాగరా దారిలో నీళ్లు తాగలేదు. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అయినా వెళ్లమనే అంటాను. నీళ్లు తాగేలా చూసుకుని వెళ్లమంటాను. అసలు మానేస్తే ఆ మొహమాటమే గెలిచినట్టు కాదా?

సాన్ హోసే నుంచి

అందరికీ నమస్కారం. నీళ్ల సీసా సంగతి చదివాక నిద్ర పట్టలేదు. కానీ పూర్తిగా మానేయడానికి మనసొప్పడం లేదు. ఇక్కడి ఇల్లు, ఆఫీసు, దుకాణం చూపించి పంపిస్తే ఈ దేశం ఎంత పెద్దదో వాళ్లకు తెలియదు. నేను ఇక్కడ ఎందుకు ఉండిపోయానో కూడా తెలియదు. గ్రాండ్ కాన్యన్ నుంచి లాస్ ఏంజెలెస్ ఒకే రోజు 490 మైళ్లు, అది తగ్గించాలా?

గుంటూరు, విద్యానగర్

ఆ 490 మైళ్లంటే విజయవాడలో బయలుదేరి చెన్నై చేరి, తిరుగుదారిలో ఒంగోలు దాటినంత. నువ్వు ఒక్కడివే ఒక్క రోజులో నడుపుతావా తమ్ముడూ? నేను ఆ అక్కనే. నువ్వు ఇక్కడ అడిగావని మా ఆయన చూపించారు.

నీతో ‘నీ ఇష్టం’ అన్న నాన్న ఫోను పెట్టేశాక నాతో ఏమన్నారో చెబుతాను. “అక్కడ పత్తి ఎవరు తీస్తారో, కూలీలకు ఏమిస్తారో చూడాలని ఉందమ్మా. వాడికి సెలవులు తక్కువ, నువ్వు చెప్పకు” అన్నారు. చెప్పేస్తున్నాను. మిర్చి కోతకు మనుషులు దొరకకే పొలం కౌలుకిచ్చారు. అది నీకు తెలుసు కదా! నీ పన్నెండు రోజుల్లో రాళ్లూ లోయలూ ఉన్నాయి, ఒక్క పొలం లేదు. నేను ప్రయాణం వద్దనలేదు. ఆ పట్టిక వాళ్లది కాదన్నాను.

ఫ్రెస్నో నుంచి (ఊరు తెనాలి)

అక్కగారూ, మంచి మాట చెప్పారు. తమ్ముడూ, నాన్నగారిని ఇటు తీసుకురా, సాన్ హోసే నుంచి మూడు గంటలే. పత్తి తీత ఇక్కడ అక్టోబరులో మొదలవుతుంది, అంతా యంత్రాలే. సెప్టెంబరులో అయితే బాదం కోత జోరుగా ఉంటుంది. ఒక యంత్రం వచ్చి చెట్టు మొదలును పట్టుకుని కొన్ని సెకన్లు కుదుపుతుంది, కాయలన్నీ వానలా రాలిపడతాయి. చెట్టు పక్కన మనిషి కనిపించడు. దుమ్ము మాత్రం విపరీతం, ముక్కుకు గుడ్డ కట్టించు. కాయలు వారం పైగా నేల మీదే ఎండుతాయి, తర్వాత ఇంకో యంత్రం ఊడ్చి వరుసలు పెడుతుంది. మన ఊళ్లో మిర్చి ఎండబోసిన కల్లం చూసినవారికి ఎక్కువ చెప్పనక్కర్లేదు.

ఐదో నంబరు జాతీయ రహదారి పక్కనే పెద్ద కాలువ పారుతుంది, 400 మైళ్లకు పైగా పొడవు. ఉత్తరాది నీళ్లను దక్షిణాదికి తీసుకెళ్లి, చివర్లో పంపులతో 1,900 అడుగులకు పైగా ఎత్తిపోసి కొండ దాటిస్తారు. సాగర్ కుడికాలువ నీటి కోసం రాత్రిళ్లు తూము దగ్గర కాపలా కాసిన రైతుకు ఆ గట్టు మీద నిలబడితే ఎలా ఉంటుందో ఊహించుకో.

డాలస్ నుంచి (ఊరు మంగళగిరి)

ఇది బాగుంది. అయితే గ్రాండ్ కాన్యన్ మాత్రం తీసేయకండి. రైతు కాబట్టి పొలమే చూడాలని లేదు. అంచు వెంట ఉచిత బస్సులున్నాయి, చదునైన బాట ఉంది, సందర్శకుల కేంద్రంలో చక్రాల కుర్చీ అడిగితే ఇస్తారు. మోకాళ్ల నొప్పులున్నా చూడగలరు. రుసుము సంగతి చూసుకోండి. 2026 జనవరి నుంచి గ్రాండ్ కాన్యన్, యోసెమిటీ, జియాన్, బ్రైస్ సహా 11 పార్కుల్లో ఈ దేశంలో నివాసం లేనివారికి మనిషికి 100 డాలర్లు అదనం, లేదంటే 250 డాలర్ల వార్షిక పాసు. నాలుగు పార్కులకు ఎంతవుతుందో నాన్నగారికి తెలియనివ్వకండి, కారు దిగరు.

సాన్ హోసే నుంచి

అక్కా, నిన్న ఇద్దరికీ విడివిడిగా ఫోను చేశాను. “ఎక్కడికి వెళ్దాం” అనకుండా “నీకేం చూడాలని ఉంది” అని అడిగాను. నాన్న చాలాసేపు పత్తి, కాలువ గురించి మాట్లాడారు. ఫ్రెస్నో అన్నగారి మాట చెబితే “కుదిపితే చెట్టు వేళ్లు కదలవూ?” అని రెండుసార్లు అడిగారు.

అమ్మ మొదట “నాకేముంది నాన్నా” అంది. ఫోను పెట్టేయలేదు నేను. కాసేపటికి, “టెంపీలో నువ్వు చదువుకునేటప్పుడు ఉన్న ఇల్లు చూపిస్తావా?” అంది. 2011, 2012లో అమ్మ ఆ ఇంటికి గోంగూర, కందిపొడి పార్సిల్ పంపేది. చిరునామా తనే రాసేది. ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటీ పేర్చి, నేను పంపిన కాగితం పక్కన పెట్టుకుని. నిన్న ఫోనులో అది మొత్తం చూడకుండా చెప్పింది, అపార్ట్‌మెంటు నంబరు, పిన్‌కోడ్‌తో సహా. నాకు ఆ నంబరు గుర్తులేదు.

పాత పట్టిక తీసేశాను. మొదట ఫ్రెస్నో, కాలువ, రెండు రాత్రులు. వారం విశ్రాంతి. తర్వాత విమానంలో ఫీనిక్స్, అక్కడి నుంచి గ్రాండ్ కాన్యన్ నాలుగు గంటల లోపే, అంచు మీదే రెండు రాత్రులు. టెంపీ ఫీనిక్స్‌ను ఆనుకునే ఉంది. దిగిన మర్నాడు ఉదయం అక్కడికే, ఆ రోజు వేరే పని పెట్టలేదు. గంటన్నరకోసారి కాఫీ నాకే కావాలి.