రేడియేషన్ అయ్యి 42 రోజులు దాటాక ఇమ్యునోథెరపీ మొదలుపెట్టినవాళ్లు ఉన్నారా?

మా నాన్నగారికి 63 ఏళ్లు. ఊపిరితిత్తుల క్యాన్సర్, స్టేజ్ 3బి, ఆపరేషన్‌కి వీల్లేదన్నారు. ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే (కణితిలో జన్యు మార్పుల పరీక్షలు) రెండూ నెగెటివ్. పీడీ-ఎల్1 (క్యాన్సర్ కణాల మీద ఉండే ప్రొటీన్) 40 శాతం. కీమోతో పాటే 30 సిట్టింగుల రేడియేషన్ (60 గ్రే) పూర్తయి ఇవాళ్టికి 38 రోజులు.

ఆపైన ఏడాదిపాటు డుర్వాలుమాబ్ (క్యాన్సర్ మీదికి ఒంట్లోని రోగనిరోధక శక్తిని పురిగొల్పే ఇమ్యునోథెరపీ ఇంజెక్షన్) ఇవ్వాలన్నది ప్లాన్. రేడియేషన్ నడుస్తుండగానే ఎందుకివ్వలేదని అడిగాను. పసిఫిక్-2 ట్రయల్‌లో అలా ఇచ్చి చూస్తే అదనపు లాభం కనబడలేదట. అంతకుముందు పసిఫిక్ ట్రయల్‌లో కీమో, రేడియేషన్ ముగిసిన 42 రోజుల్లోపు మొదలుపెట్టారు. మా చిక్కంతా ఆ లెక్కతోనే.

20వ రోజు నుంచి పొడి దగ్గు, సాయంత్రానికి 99.5 జ్వరం. బాత్రూమ్ దాకా నడిచొస్తే ఆక్సిజన్ 96 నుంచి 91కి పడిపోయేది. యాంటీబయాటిక్ ఐదు రోజులు వాడినా మార్పు లేదు. సీటీ చూసి రేడియేషన్ న్యుమోనైటిస్ (రేడియేషన్ వల్ల ఊపిరితిత్తుల్లో వచ్చే వాపు), గ్రేడ్ 2 అన్నారు. ప్రెడ్నిసోలోన్ (స్టెరాయిడ్) 40 మి.గ్రా. వేశాక దగ్గు తగ్గింది. మొన్న 20కి దించగానే మళ్లీ మొదలు. రాత్రంతా మూడు దిండ్లు ఆనించుకుని కూర్చునే నిద్ర.

స్టెరాయిడ్ డోసు 10కి దిగితేగానీ డుర్వాలుమాబ్ ఇంజెక్షన్ ఇవ్వం అంటున్నారు. అది సబబే, డాక్టరుగారితో పేచీ లేదు. రిపోర్టులు ఇంకోచోట చూపిస్తే అక్కడా అదే మాట. 42వ రోజుకి మిగిలిన నాలుగు రోజుల్లో అయ్యే పని కాదు. (పసర్లు, కషాయాల సలహాలు వద్దండి, బంధువులు సరిపోయారు.)

ఇలాగే న్యుమోనైటిస్ వచ్చి, స్టెరాయిడ్ తగ్గాక డుర్వాలుమాబ్ వేయించుకున్నవాళ్లకి రేడియేషన్ ముగిసిన ఎన్నో రోజున మొదటి డోసు ఇచ్చారు?