అప్‌డేట్: చీకటి పడగానే రోవర్‌కి ఫిక్స్ పోతోందన్న ప్రశ్న

మార్చిలో అడిగాను కదా, గుంటూరు దగ్గర పొలం సర్వేలో పొద్దంతా బాగానే ఉన్న ఆర్‌టీకే రోవర్ (తెలిసిన చోట పెట్టిన బేస్ రిసీవర్ సాయంతో, శాటిలైట్ సిగ్నళ్ల నుంచి స్థానం కచ్చితంగా చెప్పే పరికరం) రాత్రి ఎనిమిదింటికి ఫిక్స్ (సెంటీమీటర్ల కచ్చితత్వం) నుంచి ఫ్లోట్‌కి (అంతకన్నా తక్కువ కచ్చితత్వానికి) జారిపోతోందని. యాంటెన్నా, కేబుల్, రేడియో మార్చి చూశాం, తేడా లేదు. కారణం అయనోస్ఫియర్ (పై వాతావరణంలో ఎలక్ట్రాన్లు నిండిన పొర) అన్నవాళ్ల మాటే నిలబడింది.

సిగ్నల్ దారి పొడవునా చదరపు మీటరుకి ఎన్ని ఎలక్ట్రాన్లున్నాయో చెప్పేదే టీఈసీ. ఒక్క యూనిట్ (చదరపు మీటరుకి 10^16 ఎలక్ట్రాన్లు) పెరిగితే ఎల్1 అనే జీపీఎస్ ఫ్రీక్వెన్సీ మీద దూరం సుమారు 16 సెంటీమీటర్లు ఎక్కువ చూపిస్తుంది. మధ్యాహ్నం రెండు ప్రాంతంలో ఇది బాగా ఎక్కువ. అయినా బేస్ దగ్గర్లోనే ఉంటే ఆ తప్పు చాలావరకు కొట్టుకుపోతుంది. అసలు తలనొప్పి పొద్దుగూకాకే. అయస్కాంత భూమధ్యరేఖ (భూమి అయస్కాంత క్షేత్రం నేలకు సమాంతరంగా ఉండే గీత) మన దేశం దక్షిణ కొస మీదుగా పోతుంది. అక్కడ పుట్టే ప్లాస్మా బుడగలు (ఎలక్ట్రాన్లు బాగా తక్కువుండే చోట్లు) పైకి లేచి మన వైపు పాకుతాయి, వాటి గుండా వచ్చే సిగ్నల్‌ని చెదరగొడతాయి. మార్చి, సెప్టెంబరు చుట్టుపక్కల, అదీ 2024 లాంటి సూర్యుడు చురుగ్గా ఉన్న ఏళ్లలో, మరీను.

స్క్రీన్ మీద చూస్తే దక్షిణం వైపు శాటిలైట్ల సిగ్నల్ గీతలే ముందు పడిలేస్తున్నాయి. ఎల్5 అనే ఇంకో ఫ్రీక్వెన్సీ కూడా అందుకునే రిసీవర్ కొనమన్నారు. రెండు ఫ్రీక్వెన్సీలతో ఆలస్యాన్ని లెక్కగట్టి తీసేయొచ్చు గానీ, అసలు సిగ్నలే తెగిపోతే అదేం చేస్తుంది? ప్రస్తుతానికి ఆరింటికల్లా సామాను సర్దేస్తున్నాం.