వాగ్దానపు కార్డు మీది వచనం దేవుడు నాతో చెప్పిన మాటేనా?

ప్రశ్న: అందరికీ వందనాలు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో నేను తీసుకున్న వాగ్దానపు కార్డు (కొత్త సంవత్సరానికి వాగ్దానంగా బైబిలు వచనం అచ్చువేసిన చీటీ) మీద యిర్మీయా 29:11 వచ్చింది. మీ విషయమై నాకున్న ఉద్దేశాలు సమాధానకరమైనవే గాని హానికరమైనవి కావని దేవుడు చెప్పే వచనం అది. ఉద్యోగం మారాలా వద్దా అని ప్రార్థిస్తున్న నేను దీనిని దేవుని జవాబుగా భావించవచ్చునా?

జవాబు 1: బ్రదర్, ఆ మాట బబులోను చెరలో ఉన్న యూదులకు యిర్మీయా పంపిన లేఖలోనిది. దానికి ముందు వచనం, 70 సంవత్సరాలు గడిచిన తరువాతనే వారిని తిరిగి రప్పిస్తానని చెబుతుంది. కార్డుల మీద దానిని ఎవరూ అచ్చువేయరు! దేవుడు లేఖనం ద్వారానే మాట్లాడతాడు గాని, అధ్యాయమంతా చదివిన వారికే ఆ మాట సరిగా అందుతుంది.

జవాబు 2: లేఖనం ద్వారా మాత్రమేనని అనలేము. అపొస్తలుడైన పౌలును ఆసియాలో (నేటి టర్కీ పశ్చిమ భాగంలోని రోమా ప్రాంతం) బోధించకుండా ఆపింది పరిశుద్ధాత్మ. త్రోయ పట్టణంలో రాత్రివేళ మాసిదోనియకు రమ్మని పిలిచింది దర్శనం. మా పెంతెకొస్తు సంఘాలలో ఇటువంటి నడిపింపును నమ్ముతాము, అయితే ప్రవచనాన్ని పరీక్షించమని 1 థెస్సలొనీకయులకు 5వ అధ్యాయం కోరుతున్నది కనుక పెద్దలతో కూడా మాట్లాడండి.

జవాబు 3: యేసును అప్పగించిన యూదా స్థానంలో అపొస్తలునిగా మత్తీయను చీట్లు వేసి ఎన్నుకున్నారు కదా అని కొందరు వాదిస్తారు. అది శిష్యుల మీదికి పరిశుద్ధాత్మ దిగివచ్చిన పెంతెకొస్తు దినానికి ముందు జరిగింది. ఆ తరువాత అపొస్తలుల కార్యములలో చీట్ల ప్రస్తావన మళ్లీ లేదు. కార్డును ప్రోత్సాహంగా దాచుకోండి, రాజీనామాకు ఆధారంగా మాత్రం కాదు.