‘నా కథ’ వీడియోలకు మార్కులు వేయొచ్చా?

సుద్దముక్క:
తొమ్మిదో తరగతికి భాష చెబుతాను. ఈ ఏడు పిల్లల చేత ‘నా కథ’ అని 3 నిమిషాల వీడియోలు చేయిస్తున్నా. పది ఫొటోలు, ఒకటిన్నర పేజీ స్క్రిప్టు, గొంతు మాత్రం వాళ్ళదే. హాజరు పలకడానికి తప్ప నోరు విప్పని అమ్మాయి ఒకతె తన ఎడమచేతి వాటం మీద చేసింది. డెస్కు కింద చెయ్యి దాచుకున్న ఫొటోతో మొదలుపెట్టింది. క్లాసంతా ఊపిరి బిగబట్టి చూశారు. ప్రాజెక్టు కాబట్టి 10 మార్కులకి వేయాలి. మీరంతా ఎలా వేస్తున్నారు?

కిటికీపక్క:
వేయకండి. మావాడి సంగతి చెప్తా. సైకిల్ చైను ఊడితే తను ఎలా ఎక్కిస్తాడో చేశాడు. “భావోద్వేగం లేదు” అని పదికి 4 వేసి, మళ్ళీ చేసుకురమ్మన్నారు. రెండోసారి వాళ్ళ నాయనమ్మ పోయినట్టు చేశాడు, వెనకాల వేణువు పెట్టి. 9 వచ్చాయి. మా అమ్మ నిక్షేపంగా పక్క గదిలోనే ఉంది.

రెండుజడలు:
నవ్వాలో ఏడవాలో తెలీట్లేదు. పెద్దావిడ చూశారా?

కిటికీపక్క:
చూసింది. “ఫొటో బాగుందిరా” అంది.

సుద్దముక్క:
అది ఆ టీచరు చేసిన పొరపాటండీ, పద్ధతిది కాదు. సొంత కథని ఫొటోలతో, సొంత గొంతుతో చిన్న వీడియోగా చేసే ఈ పద్ధతిని డిజిటల్ స్టోరీటెల్లింగ్ అంటారు. జో లాంబర్ట్, డేనా ఆచ్లీ అనే కళాకారులు 1990ల మొదట్లో శాన్‌ఫ్రాన్సిస్కోలో దీన్ని మొదలుపెట్టినప్పుడు ముందు అందరూ గుండ్రంగా కూచుని కథ చెప్పుకునేవారు. కంప్యూటర్ ముట్టుకోవడం ఆ తర్వాతే. బీబీసీ వేల్స్ వాళ్ళు 2001లో మొదలుపెట్టిన ‘క్యాప్చర్ వేల్స్’ కూడా మామూలు జనం చేత ఇలాంటి కథలు చేయించిన వర్క్‌షాపే. మార్కుల గోల అక్కడ లేదు.

పాతసిలబస్:
ఇలాంటి కథకి కావాలని లాంబర్ట్ చెప్పిన ఏడు అంశాల్లో భావోద్వేగం ఒకటి కదా! ఆ టీచరు దాన్నే మార్కుల పట్టికలో ఒక గడి చేసి మార్కులు పెట్టుంటారు.

కిటికీపక్క:
గడి కట్టి అడిగితే పిల్లాడు గడి నింపే సరుకు తెస్తాడు. అయినా భావోద్వేగమంటే ఏడుపొక్కటేనా? చైను పళ్ళ మీదికెక్కి టక్కున కూచున్నప్పుడు వాడి మొహం చూడాలి మీరు! చేతులకి గ్రీజు, ముక్కు మీద కూడా. అది కథ కాదట. ముసలావిడ పోతే కథట.

వానచినుకు:
మనసులోది బయటపెడితే మంచిదని పరిశోధనలున్నాయి. 1986లో అచ్చైన ఒక అధ్యయనంలో పెన్నెబేకర్, బీల్ అనే అమెరికన్ పరిశోధకులు కాలేజీ పిల్లల చేత నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు, తమని బాధపెట్టిన సంగతులు రాయించారు. ఆ తర్వాత నెలల్లో, మామూలు సంగతులు రాసినవాళ్ళకంటే వాళ్ళు డాక్టరు దగ్గరికి తక్కువసార్లు వెళ్ళారు.

పాతసిలబస్:
రాసిన వెంటనే మాత్రం వాళ్ళకి ఇంకా దిగులేసింది, అదీ చెప్పండి. పైగా ఆ కాగితాల మీద పేర్లు లేవు. మీరు ప్రొజెక్టర్ మీద వేస్తున్నారు.

సుద్దముక్క:
సరే, మార్కులు తీసేస్తాను. అప్పుడైనా ఒప్పుకుంటారా, కిటికీపక్క గారూ?

కిటికీపక్క:
ఒప్పుకోను.

సుద్దముక్క:
మరి ఇంతసేపూ మార్కుల మీద ఎందుకు కొట్టుకున్నాం?

కిటికీపక్క:
ఎందుకంటే మీ టీచర్లకి ప్రతి ఇంట్లో ఏదో దాగుందని అనుమానం. దాన్ని పిల్లాడి నోటితో తవ్వించాలని చూస్తారు.

సుద్దముక్క:
దాగుంటుంది కాబట్టే! చెప్పుకునే చోటు ఇంట్లో లేని పిల్లల్ని ఇరవై రెండేళ్ళుగా చూస్తున్నా. మీవాడు బతికున్న నాయనమ్మని చంపాడు గానీ మీ గురించి ఒక్క ముక్క చెప్పలేదు. ఎందుకో ఎప్పుడైనా అడిగారా?

మోడరేటర్:
వ్యక్తిగతంగా వెళ్ళొద్దు. ఇద్దరికీ చెప్తున్నా.

రెండుజడలు:
అయ్యో, ఇక్కడిదాకా వచ్చిందా.

కిటికీపక్క:
చెప్పాడండీ. మూడో వీడియో ఒకటుంది, ఇందాక దాచాను. తల్లిదండ్రుల్ని పిలిచిన రోజున వేశారు. నాలుగో వరసలో కూచున్నా. “మా నాన్నని ఏదైనా అడగాలంటే ముందు బాత్రూంలో రెండుసార్లు అనుకుని చూసుకుంటా” అన్నాడు. తెర మీద మా ఇంటి బాత్రూం తలుపు. పక్కనున్నాయన నా వైపు తిరిగి, మళ్ళీ అటు తిప్పుకున్నాడు. అబద్ధమని నేననను. నాకు చెప్పకుండా హాలంతటికీ చెప్పాడు, అదే మింగుడుపడట్లేదు.

సుద్దముక్క:
మీకు చెప్పగలిగితే బాత్రూంలో ఎందుకు అనుకుంటాడండీ?

కిటికీపక్క:
సరే. మరి హాల్లో వేసే ముందు “నాన్న కూడా వస్తాడు, వేయమంటావా” అని వాణ్ణి ఎవరైనా అడిగారా? మీరు ఆ ఎడమచేతి అమ్మాయిని అడిగారా?

సుద్దముక్క:
లేదు. ప్రాజెక్టు కదా, అందరూ చూసేదే అనుకున్నా. రేపు అడుగుతాను. వద్దంటే ఫైలు తనకే ఇచ్చేసి నా దగ్గర తీసేస్తా. కానీ ముందు ఇంట్లో చూపించి రమ్మని మాత్రం చస్తే రూలు పెట్టను. పెడితే అన్నీ నాయనమ్మల కథలే వస్తాయి.

కిటికీపక్క:
దానికి నేనిప్పటికీ ఒప్పుకోను. ఇంట్లోవాళ్ళ సంగతి ఇంట్లోవాళ్ళే ముందు వినాలి.

పాతసిలబస్:
సైకిల్ వీడియో ఇంకా ఉందా?

కిటికీపక్క:
వాడి ఫోన్లో ఉంది. రాత్రి అడిగితే ఇచ్చాడు. నిమిషం నలభై సెకన్లు. చైను ఎక్కేటప్పుడు వెనకాల ఎవరో దగ్గుతారు. నేనే. గుమ్మంలో నిలబడి చూస్తున్నట్టున్నా. ఎడిటింగ్‌లో ఆ దగ్గు తీసేయొచ్చు కదరా అంటే, “ఉండనీ” అన్నాడు.