అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్ బిల్ వాల్ష్ ముందే రాసిపెట్టుకున్న ప్లేలను (ఎత్తుగడలను) పాత వీడియోల్లో గుర్తుపట్టేదెలా?

1979లో 2 గెలుపులు, 14 ఓటములతో మొదలై, పదేళ్లలో శాన్ ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్ జట్టుకు మూడు సూపర్ బౌల్స్ (లీగ్ టైటిళ్లు) తెచ్చిన కోచ్ వాల్ష్. మ్యాచ్‌కు ముందే మొదటి 15, తర్వాతి రోజుల్లో 25 ప్లేలు వరుసగా రాసిపెట్టుకునేవారు. థర్డ్ డౌన్‌కు (పది గజాలు దాటడానికి ఉండే నాలుగు ప్రయత్నాల్లో మూడోదానికి), గోల్ లైన్ దగ్గరకు వేరే జాబితాలు ఉండేవి. కాబట్టి మైదానంలో కనిపించే వరుస, కాగితం మీది వరుస ఒకటి కావు. చిక్కంతా ఇక్కడే.

పాసులు విసిరే క్వార్టర్‌బ్యాక్ జో మోంటానా అడుగులు లెక్కపెట్టవచ్చు: మూడడుగులు వెనక్కి వేసి వెంటనే విసిరితే స్లాంట్ (ఏటవాలు పరుగు) లాంటి పొట్టి పాస్, ఐదడుగులైతే కాస్త లోతైనది. ఆఖరి అడుగు పడేసరికి రిసీవర్ (పాస్ అందుకునేవాడు) బంతివైపు తిరిగి ఉండాలి. క్షణం ఆలస్యమైనా బంతి డిఫెండర్ చేతికి పోవచ్చు. ఈ లయే వాల్ష్ అసలు వారసత్వం. ఆయన దగ్గర పనిచేసిన కోచ్ మైక్ హోల్మ్‌గ్రెన్ ద్వారా మరో కోచ్ ఆండీ రీడ్ దాకా వచ్చింది. కానీ టీవీ కెమెరా బంతి వెంటే పోతుంది, దూరంగా ఉన్న రిసీవర్లు ఫ్రేములో ఉండరు.

ఫస్ట్, సెకండ్ డౌన్లను మాత్రమే విడదీసి చూస్తే సరిపోతుందా? ఒకే ఫార్మేషన్ (ఆటగాళ్లు నిలబడే అమరిక) నుంచి రెండోసారి వేరే ప్లే వస్తే, అది ముందే రాసుకున్నదా, అప్పటికప్పుడు మార్చిందా అని దేన్నిబట్టి తేల్చాలి? ఇలా విడదీసి చూసినవాళ్లు పద్ధతి చెప్పగలరా?